పిట్ట వెనక మనిషి

మొన్న నిజామాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లికి వెళ్లాను. తలంబ్రాల సమయానికి నా కళ్లముందు ఏడుగురు ఫోటోగ్రాఫర్లు గోడ కట్టినట్టు నిలబడ్డారు. పైన డ్రోన్ ఒకటి జోరీగలా తిరుగుతోంది. పెళ్లికూతురు ఎటుందో తెలియదు, పెళ్లికొడుకు అసలు వచ్చాడో లేదో తెలియదు. కడుపు మండి, నాకు తెలియకుండానే గొంతెత్తాను.

"జర ఎన్కకు జరుగుండ్రి!"

అరిచాక నాకే నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు. బోధన్‌లో స్టూడియో పెట్టుకుని నలభై ఏళ్లు పెళ్లిళ్లు తీసిన ఒక మనిషిది. ఆయన పోయి ఏడాది దాటింది. పక్కనున్న మా ఆవిడ నా మొహం చూసి, "కళ్లల్లో నీళ్లేంటి?" అంది. హోమం పొగ అన్నాను. హోమం ఇంకా మొదలే పెట్టలేదు.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయనకు నచ్చదు. ఫోటో మూలన తీసినవాడి పేరు వేసుకోవడమంటే మహా చిరాకు. "పెండ్లి వాళ్లది, ముద్ర నాదా?" అనేవాడు. బోధన్‌లో అందరూ ఫోటో అన్న అనేవారు. నాకూ ఫోటో అన్నే.

పొట్టి మనిషి. ఎండాకాలమైనా, పెళ్లయినా, పొలమైనా అదే సఫారీ డ్రెస్. నాలుగు జేబుల్లో ఒకదాంట్లో పుట్నాలు, ఒకదాంట్లో లెన్స్ తుడిచే గుడ్డ. ఒక్కోసారి పుట్నాలు గుడ్డలోకి, గుడ్డ పుట్నాల్లోకి చేరేవి. పెళ్లి ఊరేగింపుల ముందు కెమెరా పట్టుకుని వెనక్కి నడిచీ నడిచీ, ఆయనకు ముందుకు నడవడం కన్నా వెనక్కి నడవడమే బాగా వచ్చేది. నిజం చెప్తున్నాను, పొలం గట్ల మీద కూడా నాకు ఎదురుగా తిరిగి మాట్లాడుతూ వెనక్కే నడిచేవాడు. ఒక్కసారి జారలేదు. ముందుకు చూసుకుంటూ నడిచిన నేను మాత్రం రెండుసార్లు బురదలో పడ్డాను.

అప్పట్లో నేను బోధన్‌లో కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. కప్పను కోసి లోపల ఏముందో చూపించమంటే చూపిస్తాను కానీ, బతికున్న పిట్టను చూసి పేరు చెప్పమంటే నీళ్లు నమిలే రకం. షుగర్ వచ్చింది. డాక్టరు రోజూ నడవమన్నాడు. ఊరికే నడుస్తుంటే జనం అదోలా చూస్తున్నారని మెడలో ఒక కెమెరా వేసుకున్నాను. అలా పిట్టల్లో పడ్డాను. ఒకరోజు ఫోటోలు ప్రింట్ చేయిద్దామని ఆయన స్టూడియోకి వెళితే, తెర మీద ఒక్కొక్కటీ చూసి పెదవి విరిచాడు.

"సారూ, పెండ్లికి వోయి అందరి వీపులు తీసినట్టున్నది."

నిజమే. నా పిట్టలన్నీ ఎగిరిపోతున్న పిట్టలే. కంప్యూటర్ ముందు కూర్చున్న ఆయన బిడ్డ కిసుక్కున నవ్వింది. ఆ మరుసటి ఆదివారం పొద్దున్నే మా ఇంటిముందు స్కూటర్ హారన్ మోగింది. "నడువుండ్రి, మొకాలు తీద్దాం" అన్నాడు. అప్పుడే తెలిసింది, ఆయన కూడా కొన్నాళ్లుగా ఎవరికీ చెప్పకుండా పిట్టల వెంట తిరుగుతున్నాడని. అదీ అన్ని పిట్టలూ కాదు, ఒకే ఒక్క పిట్ట.

దాని పేరు పుస్తకంలో బ్లాక్‌వింగ్డ్ స్టిల్ట్. తెల్లటి ఒళ్లు, నల్లటి రెక్కలు, సూదిలాంటి ముక్కు. ఒంటికి సంబంధం లేనంత పొడుగు కాళ్లు, అవి కూడా ఎర్రెర్రగా. ఆయన మాత్రం దాన్ని పెండ్లిపిల్ల అనేవాడు. "కాళ్లకు పారాణి వెట్టుకున్నది సూడు" అనేవాడు. రుద్రూర్ దారిలో, నిజాంసాగర్ కాలువ ఊట దిగి నిలిచే లోతట్టు మడుగు ఒకటుంది. చుట్టూ చెరుకు. ఎండాకాలం మిగతా చోట్ల నీళ్లింకినా అక్కడ మోకాలి లోతు ఉంటుంది. పిట్టలు అక్కడికే వచ్చి, బురద దిబ్బల మీద గడ్డీగాదం పేర్చి గుడ్లు పెట్టేవి.

పిట్టలతో ఆయన మాట్లాడే తీరు వినాలి. కెమెరాకు కన్ను ఆనించగానే అది పొలం అన్న సంగతి మర్చిపోయేవాడు. "బిడ్డా, జర ఇటు తిరుగు. గదువ దించు. ఇంకొంచెం. ఆ, గట్లనే ఉండు. నవ్వకు, నవ్వకు." పిట్ట నవ్వడమేమిటి స్వామీ అని నేను నోరు మూసుకుని నవ్వేవాణ్ణి. నేను ఒక్క అడుగు ముందుకు వేస్తే చాలు, తిరగకుండానే చెయ్యి వెనక్కి చాపి ఆపేవాడు. "జర ఎన్కకు జరుగు సారూ, పిట్ట లేస్తది." పెళ్లిలో చుట్టాలను నెట్టిన చెయ్యి అది. ఆ చెయ్యికి ఎదురు చెప్పలేం.

మొదట్లో పిట్టలకు కనిపించకుండా దాక్కోవడానికి ఆయన చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. నలభై ఏళ్లు పందిళ్ల కింద బతికిన మనిషి కదా, ఒక షామియానా ముక్క తెచ్చి నాలుగు కర్రలకు కట్టాడు. ఎరుపు, పసుపు చారలు, అంచుకు కుచ్చులు. ఆ రోజు ఆ మడుగు చుట్టుపక్కల పిట్ట అన్నది వాలలేదు. కాసేపటికి ఆ చెరుకు రైతు మాత్రం పరుగున వచ్చాడు. కాలువ తవ్విన కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. తాత నాటి నుంచి ఇక్కడే ఉన్నా, ఇంట్లో మాట మాత్రం గోదావరి మాటే.

"ఏవండీ, సర్వేనా అండీ? మా చేలోంచి రోడ్డేస్తారా ఏవిటి?"

కెమెరా స్టాండు చూసి కొలతలు తీసే యంత్రం అనుకున్నాడు పాపం. ఫోటో అన్న తల బయటపెట్టి, "రోడ్డు లేదు, గీడ్డు లేదు. పెండ్లిపిల్ల ఫోటో" అన్నాడు. రైతు అటూ ఇటూ చూశాడు. "పెళ్లికూతురెక్కడండీ?" అన్నాడు. ఆయన మడుగు వైపు వేలు చూపించాడు. రైతు ఏమనుకున్నాడో ఏమో, నెమ్మదిగా వెనక్కి నడిచి వెళ్లి, కాసేపటికి చెంబుతో మజ్జిగ పంపాడు. ఎండదెబ్బ తగిలిందనుకున్నాడట, తర్వాత చెప్పాడు. ఆ తర్వాత నుంచి షామియానా పోయి, ఎండిన చెరుకు ఆకుతో రెండు గూళ్లు తయారయ్యాయి. ఒకటి ఆయనకు, పక్కనే ఒకటి నాకు.

ఆయనకు కావలసింది ఒకే ఒక్క ఫోటో. మే నెల ఎండలో ఆ పిట్ట ఒక పని చేస్తుంది. గుడ్ల మీంచి లేచి నీళ్లలోకి వెళ్తుంది. పొట్ట కింది ఈకలు బాగా తడిసేలా రెండు మూడుసార్లు కూర్చుని లేస్తుంది. నీళ్లు కారుతూ కారుతూ వచ్చి మళ్లీ గుడ్ల మీద కూర్చుంటుంది. ఆ తడికి గుడ్లు చల్లబడతాయి. లేకపోతే ఆ ఎండకు ఉడికిపోవూ? అలా పొట్ట నుంచి చుక్కలు రాలుతుండగా, కింద నాలుగు గుడ్లు కనిపిస్తుండగా ఫోటో పడాలి. రెండు వేసవులు ప్రయత్నించాడు. ఒకసారి గడ్డి అడ్డం, ఒకసారి రెప్ప పాటు ఆలస్యం.

ఇంత పట్టుదల ఎందుకన్నా అని అడిగాను ఒకసారి. జేబులోంచి నాలుగు పుట్నాలు తీసి నోట్లో వేసుకున్నాడు.

"మా అవ్వ చెరుకు కొట్టవోయేది సారూ. నన్ను గట్టు మీద పండవెట్టేది. ఎండకు నేను ఏడుస్తే కాలువల కొంగు తడిపి తెచ్చి నామీద కప్పేది. గా సల్లదనం ఇంకా యాదికున్నది. అవ్వ మొకం మాత్రం యాదికి లేదు. ఒక్క ఫోటో గూడ లేదు."

అప్పుడు నాకు ఆయన వృత్తిలోని ఒక పని గుర్తొచ్చింది. మన దగ్గర పెళ్లి ఆల్బమ్‌లో మిక్సింగ్ అని ఒకటుంటుంది. పెళ్లికూతురి తండ్రి ఎప్పుడో పోయి ఉంటాడు. పాత ఫోటో తెచ్చి ఇస్తే, దాన్ని కత్తిరించి, కోటు తొడిగి, పెళ్లి పీటల పక్కన నిలబెట్టినట్టు చేసిస్తారు. ఆ పని ఆయన స్టూడియోలో చేసినంత బాగా జిల్లాలో ఎవరూ చేయరని పేరు. ఎంతమంది అమ్మలను, నాన్నలను తిరిగి పెళ్లిపందిట్లోకి తెచ్చాడో! సొంత తల్లిని మాత్రం తేలేకపోయాడు. తేవడానికి ఒక చిన్న ముక్కైనా ఉండాలి కదా.

నాకేమో జువాలజీ నోరు ఊరుకోదు. "అన్నా, ఆ పిట్టల్లో గుడ్ల మీద ఇద్దరూ కూర్చుంటారు. నీళ్లు తెచ్చేది మగది కూడా కావొచ్చు" అన్నాను.

"ఉండనీ" అన్నాడు. "పిల్లల మీద నీళ్లు సల్లేది ఎవలైనా అవ్వనే."

అంత మిక్సింగ్ చేసిన మనిషి, పిట్టల ఫోటోల దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని నియమం పెట్టుకున్నాడు. ఒకసారి నేను తీసిన మంచి ఫోటోలో నీళ్లమీద గుట్కా పొట్లం ఒకటి తేలుతూ పడింది. దాన్ని తీసేయమని ఆయన బిడ్డను అడిగాను. ఆమె మౌస్ పట్టుకునేలోపే వెనకనుంచి కేక.

"తియ్యకు! పెండ్లి ఫోటోలల్ల లేనోళ్లను తెచ్చి పెట్టినం, సాలు. పిట్ట ఫోటోల ఉన్నదే ఉండాలె."

ఇక మూడో వేసవి. ఆ ఏడాది దిబ్బ సరిగ్గా మాకు ఎదురుగా, అడ్డం లేకుండా కుదిరింది. నాలుగు గుడ్లు. రైతు కూడా కలిసొచ్చాడు. పిల్లలు బయటికొచ్చేదాకా తన గేదెలను ఆ మడుగులోకి దించనని మాటిచ్చాడు. ఆ రోజు పదకొండు గంటలకే నేల పెనంలా కాలుతోంది. చెరుకు ఆకు గూట్లో కూర్చుంటే చెమట కళ్లలోకి దిగుతోంది. పిట్ట ముక్కు తెరిచి రొప్పుతోంది. "ఇయ్యాల పోతది సారూ నీళ్లకు. ఇయ్యాల పోతది" అని పక్క గూట్లోంచి గుసగుస.

పిట్ట లేచింది. నీళ్ల వైపు రెండడుగులు వేసింది. సరిగ్గా అప్పుడే అవతలి గట్టు మీద దుమ్ము. రైతు గేదెలు తాళ్లు తెంపుకున్నాయో ఏమో, ఎనిమిదో తొమ్మిదో, నీళ్ల వాసన పట్టి నేరుగా దిబ్బ వైపే వస్తున్నాయి. వాటి వెనక ఎంతో దూరంలో రైతు "హోయ్ హోయ్" అని అరుస్తూ పరిగెడుతున్నాడు.

నేనేం చేశానో నిజాయితీగా చెప్తాను. నేను కెమెరా గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. అంతే. పక్కన చెరుకు ఆకు గలగలమంది. చూస్తే ఆయన గూడు బద్దలు కొట్టుకుని బయటపడ్డాడు. మూడేళ్లు ఎదురుచూసిన కెమెరాను స్టాండు మీదే వదిలేసి, మడుగు చుట్టూ బురదలో పడుతూ లేస్తూ పరిగెత్తాడు. పిట్ట కిక్ కిక్ కిక్ అని గోలపెడుతూ పైకి లేచింది. ఆయన దిబ్బ దాటి, అవతల ముప్పై అడుగుల దూరంలో, గేదెలకు ఎదురుగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. టోపీ ఎక్కడో పడిపోయింది. ఆ గొంతు నాకు ఇవతలికి వినిపించింది.

"జర ఎన్కకు! ఎన్కకు జరుగుండ్రి!"

నమ్మండి, నమ్మకపోండి, గేదెలు ఆగాయి. ఈలోగా రైతు వచ్చి వాటిని మళ్లించుకుని పోయాడు. ఆయన మాత్రం కదల్లేదు. కదిలితే పిట్ట ఇంకా భయపడుతుంది, ఆలస్యమైతే గుడ్లు పోతాయి. అందుకని చాపిన చేతులు చాపినట్టే, చేనులో దిష్టిబొమ్మలా, బోసినెత్తితో, అరవై అయిదేళ్ల మనిషి ఆ ఎండలో అరగంట నిలబడ్డాడు. నాకు భయమేసింది. లేచి వెళ్దామంటే ఆయన చేసిందంతా వృథా అవుతుంది. దేవుడా, పిట్టా, తొందరగా రావే అని మనసులో మొక్కుకున్నాను.

వచ్చింది. నీళ్లలో వాలి, కూర్చుని లేచి, కూర్చుని లేచి, పొట్టంతా తడుపుకుని, ఒక్కో ఎర్రకాలు ఎత్తి పెడుతూ దిబ్బ ఎక్కింది. చుక్కలు టపటపా గుడ్ల మీద రాలాయి. నా వేలు దానంతట అదే నొక్కింది. ఆ క్షణంలోనే అవతల నిలబడ్డ మనిషి మెల్లగా తల తిప్పి, భుజం మీంచి వెనక్కి చూశాడు. ఆయన కెమెరా నాకు మూడడుగుల దూరంలో, స్టాండు మీద, పిట్టనే చూస్తూ ఉంది. నొక్కే వేలే లేదు.

తిరిగొచ్చాక మొహం కందగడ్డలా ఉంది. నీళ్లు కూడా తాగకుండా అడిగిన మాట, "పడ్డదా సారూ?"

నా కెమెరా తెర చూపించాను. నాకు సిగ్గుగా ఉంది, వేరేవాళ్ల వస్తువు నా చేతిలో ఉన్నట్టు. ఆయన లెన్స్ తుడిచే గుడ్డతో కళ్లు తుడుచుకుని, అందులోని పుట్నాల పొట్టు కంట్లో పడితే కన్ను నలుపుకుని, మళ్లీ చూశాడు.

"అవ్వ" అన్నాడు. తర్వాత తెర మీద వేలు పెట్టాడు. పిట్ట వెనక మసకమసకగా సఫారీ డ్రెస్, చాపిన చేతులు, నవ్వుతున్న మొహం. "నేను అడ్డమొచ్చిన గద. నన్ను తీసేయ్."

"ఉన్నదే ఉండాలె అన్నది నువ్వే గదన్నా."

"గది వేరే, గిది వేరే. అవ్వ ఫోటోల నేనెందుకు?"

"అవ్వ ఫోటోల కొడుకుంటే తప్పేంది?"

ఆయన మూతి ముడుచుకుని స్టాండు మడిచాడు. స్కూటర్ ఎక్కేటప్పుడు మాత్రం అన్నాడు. "నలబై ఏండ్లు పెండ్లిళ్లు సూసిన అనుకున్న సారూ. ఒక్కటి గూడ సూడలే. ఒక కన్ను మూసి, ఒక కన్నుతోని సూసిన. ఇయ్యాల రెండు కండ్లతోని సూసిన."

గుడ్లు నాలుగూ పిల్లలయ్యాయి. మా తగువు మాత్రం తేలలేదు. స్టూడియో ముందు నుంచి పోతే చాలు, "తీసేసినవా?" అని లోపలి నుంచి అడిగేవాడు. "తియ్య" అనేవాణ్ణి. "అయితే నాకొద్దు పో." ఆయన బిడ్డ నవ్వి, "నాకియ్యుండ్రి సార్, రెండు నిమిషాలల్ల తీసేస్త" అనేది. అందుకే ఆమెకూ ఇవ్వలేదు. పెద్దగా ప్రింట్ తీయించి, ఫ్రేము కట్టించి ఒకరోజు ఎదురుగా పెడితే కరిగిపోడా అనుకున్నాను. దసరాకి అనుకున్నాను, దీపావళికి అనుకున్నాను. నా బద్ధకం మీద మన్ను పడ. చలికాలంలో ఒక పొద్దున ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట, మళ్లీ లేవలేదు. ఆ ఫోటో కాగితం మీద ఆయన చూడనేలేదు. ఈ ఒక్క విషయంలో నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

నాలుగో రోజు ఆయన బిడ్డ ఫోన్ చేసింది. దినాల నాడు దండ వేయడానికి ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటి లేదు. ఊళ్లో వాళ్లందరి మొహాలూ తీసిన మనిషికి తన మొహం తీయించుకోవాలన్న ఆలోచనే రాలేదు. ఉన్నది ఆధార్ ఫోటో. అది చూసి వాళ్లమ్మ కొట్టిపారేసింది. "దొంగను వట్కచ్చి తీసినట్టున్నది. మీ బాపు గిట్లుంటడా?"

"సార్, గా పిట్ట ఫోటో తెస్తరా? బాపును కత్తిరించి కోటు ఏస్త."

తీసుకెళ్లాను. కంప్యూటర్‌లో కోట్లు సిద్ధంగా ఉన్నాయి, నల్లది, నీలంది, గంధం రంగుది. ఆమె ఫోటోను పెద్దది చేసి, తండ్రి భుజం చుట్టూ గీత గీయడం మొదలుపెట్టింది. మెడ దాకా వచ్చి ఆగింది.

"బాపు నవ్వుతుండు. ఎవల్ని సూసి సార్?"

చెప్పాను. అవ్వ సంగతి, తడిపిన కొంగు సంగతి, అరగంట సంగతి. ఆమెకు ఇవేవీ తెలియవు. మూడేళ్లు పిచ్చి పట్టి తిరిగాడనే అనుకున్నారు ఇంట్లో. అంతా విని, చున్నీతో మొహం తుడుచుకుని, గీసిన గీతంతా చెరిపేసింది.

"ఉన్నదే ఉండనీ" అంది.

దినాల నాడు ఇంటి ముందు పందిట్లో కుర్చీ మీద మూడడుగుల ఫోటో. అందులో పిట్ట నిలువెత్తు, చుక్కలు రాలుతూ. ఆయనేమో వెనకెక్కడో. దండ తెచ్చిన ముసలి మేనత్త ఫోటో ముందు నిలబడి, "ఏందిరా గిది? మావోని దినాలా, కొంగ దినాలా?" అంది. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. చెరుకు రైతు వెనక నుంచి, "అది కొంగ కాదండీ, పెళ్లికూతురండీ" అన్నాడు.

బొట్టు పెట్టడానికి ఆయన భార్య ముందుకొచ్చింది. వేలు కుంకుమలో ముంచి ఫోటో దాకా తెచ్చి ఆగిపోయింది. ఆయన మొహం బఠాణీ గింజంత. వేలు పెడితే మనిషే కనబడడు. ఇటూ అటూ చూసి, దీపం పక్కనున్న అగ్గిపెట్టె తీసుకుంది. ఒక పుల్ల తీసి, దాని కొసతో కుంకుమ అద్దుకుని, ఊపిరి బిగబట్టి వంగింది. ఎట్లా పెడుతుందో చూద్దామని మేమంతా ఒకరి మీద ఒకరం పడుతూ ముందుకు తోసుకొచ్చాం.

ఆమె తిరగకుండానే రెండో చెయ్యి వెనక్కి చాపి మమ్మల్ని ఆపింది.

"జర ఎన్కకు జరుగుండ్రి" అంది. "పిట్ట లేస్తది."